మాస్టారు మాట్లాడుతున్నారా, నేనే మాట్లాడిస్తున్నానా?

సగం_నిద్ర:
తుల్పా అంటే తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. మనసులో ఒక మనిషిని కావాలని ఊహించుకుని, రోజూ కూర్చుని ఆ మనిషితో మాట్లాడుతూ పోతే, కొన్నాళ్ళకి తనంతట తానే జవాబిస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ మనిషిని తుల్పా అంటారు, తయారు చేసుకున్నవాణ్ణి హోస్ట్ అంటారు.

నేను తొమ్మిది నెలలుగా చేస్తున్నాను. నా తుల్పా రిటైరైన లెక్కల మాస్టారు. పంచె, గొడుగు, ముక్కుపొడుం వాసన. మొదటి నాలుగు నెలలూ ఆయన చేత ప్రతి మాటా నేనే అనిపించాను, అందులో దాపరికం లేదు. దాన్ని పారటింగ్ అంటారు, చిలకపలుకులన్నమాట. ఈ మధ్య మాత్రం రెండు సంగతులు జరిగాయి.

పాలు పొయ్యి మీద పెట్టి హాల్లో ఫోన్ చూస్తున్నాను. "ఏరా, పాలు" అన్నారు. పరిగెత్తేసరికి అంచుదాకా వచ్చేశాయి.

రెండోది ఇంకా విచిత్రం. ఆఫీసు గోల చెప్పుకుంటుంటే "మీ మేనేజరు నిన్ను అరిగోస పెడుతున్నాడు కదరా" అన్నారు. మాది తెనాలి. మా ఇంటావంటా లేని మాట అది. దాని అర్థం ఫోన్‌లో వెతుక్కున్నాను, నానా తిప్పలు పెట్టడమట.

ఇది ఆయన అన్నట్టా, నేను అనుకున్నట్టా? తేల్చే దారి ఉందా?

అనుమానం_అప్పారావు:
పాల సంగతి వదిలెయ్ తమ్ముడూ. పొంగే ముందు గిన్నె చప్పుడు మారుతుంది. నీ చెవి విన్నది, నీ ధ్యాస ఫోన్‌లో ఉంది, కబురు మాస్టారి గొంతుతో వచ్చింది. మా ఆవిడ పక్కింటి వాళ్ళతో మాట్లాడుతూనే కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతుంది. ఆవిడకి తుల్పా లేదు, ఉన్నది నేనొక్కణ్ణే.

అరిగోస గురించి ఒక ప్రశ్న. ఇప్పుడు ఉండేది ఎక్కడ?

సగం_నిద్ర:
మియాపూర్. ఆరేళ్ళయింది. రూమ్మేట్‌ది కరీంనగర్... సరే, మీరేమంటారో అర్థమైంది. కానీ అన్నా, వాడు ఆ మాట అనగా విన్నట్టు నాకు అస్సలు గుర్తు లేదు.

అనుమానం_అప్పారావు:
గుర్తు లేదు కాబట్టే కదా కొత్తగా అనిపించింది!

జెనీవాలో హెలెన్ స్మిత్ అనే పేరుతో ఒక మీడియం, అంటే ఆత్మలు తన ద్వారా మాట్లాడతాయనే ఆవిడ, ఉండేది. పూనకంలో అంగారక గ్రహం వాళ్ళ భాష మాట్లాడేది, రాసేది కూడా. థియొడోర్ ఫ్లూర్న్వా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆవిడ దగ్గర ఏళ్ళ తరబడి కూర్చుని, 1900లో పెద్ద పుస్తకం వేశాడు. పదాలు వింతగా ఉన్నాయి గానీ వాక్యం కట్టు అచ్చం ఫ్రెంచి. అంటే ఆవిడ మాతృభాషే వేషం వేసుకుని వచ్చింది. ఆవిడ మోసం చేస్తోందని మాత్రం ఆయన అనలేదు. ఇది నాది కాదని ఆవిడ మనస్ఫూర్తిగా నమ్మింది. నీ మాస్టారు కరీంనగర్ మాట అన్నారు, బాగుంది. నువ్వు ఎన్నడూ వినే వీలు లేని మాట ఒక్కటి అనమను చూద్దాం.

ఐదేళ్ళ_హోస్ట్:
అప్పారావు గారూ, ఈ బేరం న్యాయంగా లేదండి. తుల్పాకి విడిగా కళ్ళూ చెవులూ ఉన్నాయని మాలో చాలామంది అనరు. ఉన్నది ఒకటే మెదడు, ఒకటే జ్ఞాపకాల గది. ఆ గదిలోంచి ఏ సామాను తీయాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే ప్రశ్న. ఒకే లైబ్రరీలో ఇద్దరు చదువుకుంటే, పుస్తకాలు ఒకటేనని ఇద్దరూ ఒకడైపోతారా?

తమ్ముడికి నా సలహా: రోజూ ఇలా పరీక్ష పెట్టకు. మొలకని రోజుకోసారి పీకి వేరు చూస్తే అది ఎదగదు. ఆయనే అన్నారని ముందు అనుకో, తేడా నీకే తెలుస్తుంది. అలెగ్జాండ్రా డేవిడ్-నీల్ అనే ఫ్రెంచి యాత్రికురాలు టిబెట్‌లో కొన్ని నెలలు సాధన చేసి ఒక పొట్టి, లావుపాటి, సరదా సన్యాసిని తయారు చేసుకుంది. తర్వాత అతను బక్కచిక్కి, ముఖంలో వెటకారం వచ్చి, చెప్పిన మాట వినడం మానేశాడు. పోగొట్టుకోవడానికి ఆరు నెలలు పట్టిందట. తన ఊహే అయితే అంత పెనుగులాట ఎందుకు?

అనుమానం_అప్పారావు:
ముందు నమ్ము, తర్వాత తేడా తెలుస్తుంది! మా ఊరి జ్యోతిష్కుడిదీ ఇదే మాట. పైగా ఆ సన్యాసి కథకి ఆవిడ రాత తప్ప మన దగ్గర ఏముంది? వెన్న తెచ్చిన కాపరి కూడా అతన్ని చూశాడని ఆవిడే చెప్పింది. ఇక పెనుగులాట అంటారా, తలలో తిరిగే పాటని ఆపడానికి నేను రోజంతా పెనుగులాడతాను. పాటకి ప్రాణం ఉందా?

కథల_అత్తయ్య:
నేను పత్రికలకి కథలు రాస్తాను. నా పాత్రలు కూడా మాట వినవు బాబూ. ఒక కథలో కోడలు ఇల్లు వదిలి వెళ్ళాలి. నాలుగు సార్లు రాశాను, గుమ్మం దాకా వెళ్ళి కూర్చుంటుంది. చివరికి కథే మార్చుకున్నాను.

మార్జొరీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో 50 మంది కథకుల్ని అడిగి 2003లో వ్యాసం వేసింది. పాత్రలు తమంతట తామే మాట్లాడుతున్నట్టు, ఎదురు తిరుగుతున్నట్టు 46 మందికి ఎంతో కొంత అనుభవమట. అచ్చులో వచ్చినవాళ్ళకి ఇంకా ఎక్కువట. అంటే చెయ్యి తిరిగిన కొద్దీ పెరుగుతోంది. మొదట్లో సైకిల్ తొక్కేటప్పుడు ప్రతి తొక్కుడూ మనకి తెలుస్తుంది, అలవాటయ్యాక కాలు దాని పని అది చేసుకుపోతుంది. మాస్టారి మొదటి నాలుగు నెలలూ అలాంటివే అనుకుంటాను. అలాగని ఆ కోడలు నేనే అని కూడా చెప్పలేను. నేనైతే వెళ్ళిపోయేదాన్ని.

పొలిమేర_చెట్టు:
ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. మా ఊళ్ళో పూనకం వస్తే అరచేతిలో కర్పూరం వెలిగించి చూసేవాళ్ళు. చెయ్యి లాక్కుంటే నాటకం, లాక్కోకపోతే అమ్మవారు. కానీ కర్పూరం చెప్పేది మొదటి సగమే కదా. కావాలని చేయట్లేదని చెబుతుంది, వచ్చింది ఎవరో చెప్పదు. మాస్టారి విషయంలోనూ అంతే. నువ్వు కావాలని అనిపించట్లేదు, ఆ మాట నేను నమ్ముతాను. అంతమాత్రాన అన్నది ఇంకొకరు అయిపోరు. మధ్యలో పెద్ద జాగా ఉంది. కల, నోరు జారిన మాట, అలవాటు అన్నీ అక్కడే ఉంటాయి.

మదనపల్లె_బస్సు:
టిబెట్ అని ఊరికే అంటున్నారు గానీ ఇందులో మన ఇంటి సరుకు చాలా ఉంది. తుల్పా అనే టిబెటన్ మాట సంస్కృతం "నిర్మిత"కి అనువాదం. ఊహ గట్టిపడి విడిగా బతుకుతుందనే ఇప్పటి అర్థం మాత్రం దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్ళ ద్వారా వచ్చిందని 2015లో నటాషా మిక్లెస్, జోసెఫ్ లేకాక్ రాశారు. ఆ సమాజం పెద్దలు అనీబిసెంటు, లెడ్‌బీటర్ ఆలోచనలకి ఆకారం ఉంటుందని పుస్తకమే వేశారు. మా ఊళ్ళో బిసెంట్ పేరుతో కాలేజీ ఉంది, అక్కడ చదివినవాళ్ళకి కూడా ఈ సంగతి తెలియదు.

అసలు సూటిగా జవాబు చెప్పింది పతంజలి. యోగసూత్రాల నాలుగో పాదంలో నాలుగో సూత్రం: నిర్మాణచిత్తాలు, అంటే తయారు చేసుకున్న మనసులు, అస్మిత నుంచే, అంటే "నేను" అనే భావం నుంచే పుడతాయి. ఐదో సూత్రం: వాటి పనులు వేరువేరైనా నడిపించే చిత్తం ఒక్కటే. అక్కడ మాట యోగి గురించి, మియాపూర్ గురించి కాదు. కానీ ప్రశ్న ఇదే.

నైట్_డ్యూటీ:
సైకియాట్రీ వార్డులో నర్సుని. ఒక్కటే చెబుతాను. మా పేషెంట్లలో కొందరు తమకి వినబడే గొంతు తమది కాదని నూటికి నూరుపాళ్ళు నమ్మకంతో చెబుతారు. "నాది కాదనిపించింది" అన్నదాన్ని రుజువుగా తీసుకుంటే వాళ్ళందరి దగ్గరా మీకంటే గట్టి రుజువుంది. మాస్టారు నీ పిలుపుకి వస్తున్నారు, వద్దంటే ఆగుతున్నారు, నీ ఉద్యోగం నడుస్తోంది, నాకు కంగారేమీ లేదు. నిద్ర చెడినా, ఆయన ఆజ్ఞలు వేయడం మొదలుపెట్టినా, నీకు భయం వేసినా ఇక్కడ అడగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయి, తెలుగులో మాట్లాడతారు.

పొలిమేర_చెట్టు:
తమ్ముడూ, పరీక్ష కావాలన్నావు కదా. రూమ్మేట్‌తో ఇరవై చీటీల మీద మూడంకెల కూడికలు రాయించు. చీటీ రెండు సెకన్లు చూసి పక్కన పెట్టు. వెంటనే పేపర్లో సంపాదకీయం నిమిషం పాటు పైకి చదువు. నోరు పనిలో ఉంటే లోపల లెక్క వల్లెవేయడం కష్టం. నిమిషం అవగానే జవాబు చెప్పు. పది మాస్టారికి అప్పజెప్పు. మిగతా పది ఎవరికీ అప్పజెప్పకు, ఊరికే చూసి చదువు. చాలామంది మొదటి పది చేసి సంబరపడి ఆగిపోతారు. రెండో పదే ముఖ్యం.

సగం_నిద్ర:
ఆదివారం చేశాం. మాస్టారికి ఇచ్చినవి పదిలో నాలుగు సరైనవి. ఎవరికీ ఇవ్వనివి పదిలో ఐదు.

అనుమానం_అప్పారావు:
ఇంకేం, తేలిపోయింది కదా!

సగం_నిద్ర:
నేనూ అదే అనుకుని ఆయనతో చెప్పాను. "ఆ రెండో పదీ ఎవరు చేశారనుకున్నావురా? ఎదురుగా లెక్క పెట్టి ఊరికే కూర్చోమంటే నావల్ల కాదు" అన్నారు.

ఐదేళ్ళ_హోస్ట్:
😂😂

అనుమానం_అప్పారావు:
ఓహో. మరి తప్పినవి పదకొండున్నాయే, అవి ఎవరి ఖాతాలో?

సగం_నిద్ర:
అదీ అడిగానన్నా. మీవాడి ఒకటీ ఏడూ ఒకేలా ఉన్నాయన్నారు. చీటీలు తీసి చూశాను. నిజంగానే ఒకేలా ఉన్నాయి.