4 జీబీ గ్రాఫిక్స్ కార్డు మీద ఈఎన్‌బీ పెట్టాలా, పీకెయ్యాలా? బావతో తగువు, తీర్పు చెప్పండి

కంటోన్మెంట్ కుర్రోడు, విజయనగరం:

సిరిమానోత్సవానికి మా బావ పలాస నుంచి వచ్చాడు. పండగ అయ్యాక ఊరికే కూర్చోలేక నా లాప్‌టాప్ ముందేసుకుని, స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ అనే ఆటలో ఈఎన్‌బీ వేసి, దాని మీద ఓ ప్రీసెట్ (ముందే కూర్చిపెట్టిన సెట్టింగులు) ఎక్కించి, పనిలో పనిగా 4కే టెక్స్చర్ల (వస్తువుల మీద అతికే బొమ్మల) ప్యాక్ కూడా దించేసి వెళ్లాడు. ఈఎన్‌బీ తెలియనివాళ్ల కోసం: బోరిస్ వోరొంత్సోవ్ అనే ఆయన చేసిన గ్రాఫిక్స్ మాడ్ (ఆటకి బయటివాళ్లు చేసే మార్పు) అది. ఆటలో వెలుగు, నీడ, రంగు అన్నీ తన పద్ధతిలో మళ్లీ లెక్కగడుతుంది.

నా మిషన్‌లో గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650, 4 జీబీ. ర్యామ్ 16. తెర 1080పీ, 60 హెర్ట్జ్. ఇదివరకు ఎక్కడికెళ్లినా సెకనుకి 60 ఫ్రేముల (ఎఫ్‌పీఎస్) నుంచి కదిలేది కాదు. ఇప్పుడు ఆటలో వైట్‌రన్ ఊరి బయట మైదానంలో 45, ఫాల్క్‌రీత్ అడవిలోకి దిగితే 30 కిందకి. దానికంటే చిరాకు ఏటంటే, గుర్రం మీద వెళ్తూ గబుక్కున పక్కకి తిరిగితే బొమ్మ ఒక్క క్షణం కొయ్యబారిపోయి, తర్వాత ఒక్కసారిగా ముందుకి పడుతుంది. బావనడిగితే ‘కథ ఆడే ఆటకి 30 చాలురా, సినిమా 24లో చూడట్లేదా’ అంటాడు. నాకైతే మొత్తం పీకేసి పాతలాగే ఆడుకోవాలని ఉంది. ఎవరిది రైటు?

పలాస జీడిపప్పు:

ఆ బావని నేనే. తీర్పు అడిగినవాడు సగం కథే చెప్పాడు. 2011లో వచ్చిన ఆట ఇది, స్పెషల్ ఎడిషన్ 2016 నాటిది. మాడ్ లేకుండా ఏ సత్రంలోకైనా వెళ్లి చూడండి. పొయ్యి మండుతున్న మూలా, బల్ల కిందా దాదాపు ఒకే వెలుతురు. ఈఎన్‌బీ పెట్టాక బల్ల కాళ్ల దగ్గర నీడ దిగుతుంది, మనిషి ముఖం మీద మంట వైపు ఒక రంగు, అవతలి వైపు ఒక రంగు. అడవిలో చెట్ల సందుల్లోంచి కిరణాలు పడుతుంటే, అరసవెల్లిలో ఏడాదికి రెండుసార్లు దొరికే భాగ్యం వీడికి రోజూ దొరుకుతోంది. అయినా ఏడుపే.

ఇది గన్ను పట్టుకుని సెకనులో పదోవంతుకి చచ్చిపోయే ఆట కాదు. నడుస్తాం, చూస్తాం, ఆగుతాం. చూడ్డానికి ఆడే ఆటలో చూపునే తగ్గించుకుంటే ఇంక మిగిలేదేటి?

బొబ్బిలి వీణ:

సినిమా లెక్క ఆటకి చెప్పకండి బావగారూ. సినిమా కెమెరాలో ఒక్కో ఫ్రేము తీసేటప్పుడు షట్టర్ కాసేపు తెరిచే ఉంటుంది, కదిలేది కాస్త అలుక్కుపోతుంది, అందుకే 24 కూడా కంటికి నున్నగా కనిపిస్తుంది. ఆట ఇచ్చేది ఏ ఫ్రేముకి ఆ ఫ్రేము గీత గీసినట్టుండే బొమ్మ. పైగా సినిమాలో హీరోని మీ మౌసు తిప్పదు కదా. ఇక్కడ చెయ్యి కదిలించాక తెర కదలడానికి ఎంత ఆలస్యమైందో చేతికే తెలిసిపోతుంది.

పలాస జీడిపప్పు:

చేతికి తెలుస్తుంది, ఒప్పుకుంటాను. కంట్రోలర్‌తో ఆడితే అంతగా తెలియదు. వాడికి కంట్రోలర్ కూడా నేనే కొనిచ్చాను, అటక మీద పడేశాడు.

రాజాం మాస్టారు:

ముందే చెప్తున్నాను, 2022 నుంచి మా రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది కాబట్టి కుర్రోడి పక్షం అనుకోవద్దు. మీరిద్దరూ రెండు వేర్వేరు జబ్బులకి ఒకటే పేరు పెట్టి కొట్టుకుంటున్నారు. 45కి పడిపోవడం ఒకటి, తిరిగినప్పుడు బొమ్మ కొయ్యబారడం ఇంకొకటి. మొదటిది ఈఎన్‌బీ పని. రెండోది, నాకు అనుమానం, టెక్స్చర్ల పని.

లెక్క చూడండి. 4కే టెక్స్చర్ అంటే 4096 నిలువు, 4096 అడ్డం, మొత్తం కోటీ 67 లక్షల పిక్సెల్స్. బీసీ7 పద్ధతిలో కుదించినా పిక్సెల్‌కి ఒక బైటు, అంటే 16 ఎంబీ. దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న నకళ్లు కూడా కలిపితే 21 దాటుతుంది. ఒక బండరాయికి రంగు టెక్స్చర్ ఒకటి, గరుకుతనం చూపించే నార్మల్ మ్యాప్ ఒకటి, రెండూ 4కే అయితే ఆ ఒక్క రాయికే 42 ఎంబీ పైమాట. అదే 2కే అయితే అందులో నాలుగోవంతు, 1కే అయితే పదహారోవంతు. ఇంతా చేసి నీ తెర మీద ఉన్నవి మొత్తం 20 లక్షల 70 వేల పిక్సెల్స్. బల్ల మీద క్యాబేజీకి కోటిన్నర పైన పిక్సెల్స్ ఇచ్చి అరచేయంత కూడా లేని చోట చూపిస్తున్నాడు మీ బావ.

4 జీబీలో విండోస్‌కి కొంత పోతుంది, ఈఎన్‌బీ తన బఫర్లకి కొంత తీసుకుంటుంది. మిగిలిన జాగాలో టెక్స్చర్లు పట్టకపోతే మామూలు ర్యామ్‌లోకి ఒలికిపోతాయి. జీడీడీఆర్5 రకం 1650లో కార్డు సొంత మెమరీ సెకనుకి 128 జీబీ అందిస్తుంది. ర్యామ్ నుంచి కార్డుకి వచ్చే దారి, పీసీఐఈ 3.0 పదహారు లేన్లు పూర్తిగా ఉన్నా, 16 జీబీ దగ్గర ఆగిపోతుంది. పెరట్లో బావి నిండిపోయిందని బిందెడు నీళ్లకి నాగావళి దాకా వెళ్లొచ్చినట్టు. నువ్వు గుర్రం మీద తిరిగిన క్షణంలో కార్డు ఆ ప్రయాణంలో ఉంటుంది.

తేల్చుకోవడం తేలిక. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాములో వీడియో మెమరీ వాడకం, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టే సమయం) గీత, రెండూ తెర మీద పెట్టుకో. ఫాల్క్‌రీత్‌లో ఒకే చోట నిలబడి షిఫ్ట్, ఎఫ్12 కలిపి నొక్కు, ఈఎన్‌బీ ఎఫెక్టులు ఆగుతాయి. పూర్తిగా తీసేసినట్టు కాదు గానీ అంచనాకి చాలు. ఎఫ్‌పీఎస్ పెరిగి కుదుపు మాత్రం అలాగే ఉంటే దోషి ఎవరో తెలుస్తుంది.

కంటోన్మెంట్ కుర్రోడు:

చేశాను మాస్టారూ. ఎఫెక్టులు ఆపగానే 29 నుంచి 54కి లేచింది. మెమరీ మాత్రం 3.9 దగ్గర అతుక్కుపోయి ఉంది, తిరిగినప్పుడల్లా ఫ్రేమ్ టైమ్ గీత తాడిచెట్టంత లేస్తోంది. ఈఎన్‌బీ ఉన్నా లేకున్నా అదే గీత.

పలాస జీడిపప్పు:

టెక్స్చర్లు 2కేకి దించుకో, నాకేం అభ్యంతరం లేదు. కెథీడ్రల్ ఎసెట్స్ ఆప్టిమైజర్ అని ఉచితంగా దొరుకుతుంది, ఫోల్డర్ చూపించి సైజు చెప్తే అన్నీ తనే కుదిస్తుంది. ముందు ఒక కాపీ పక్కన పెట్టుకో. కొండలు, నేల, చర్మం 2కే, గిన్నెలూ చెంబులూ 1కే. నా వాదన మొదట్నుంచీ వెలుతురు గురించి. దాని జోలికి రావద్దు.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

దాని జోలికే వస్తున్నాను. ఇంత చిన్న కార్డుకి ఈఎన్‌బీయే ఎందుకు? కమ్యూనిటీ షేడర్స్ ఉంది కదా. అది ఆట సొంత షేడర్లనే (వెలుగునీడలు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాముల్నే) మార్చి, కావలసిన ముక్కలు మాత్రం కలుపుకోనిస్తుంది. గడ్డి మీద వెలుతురు కావాలంటే అదొక్కటి, దగ్గరి వస్తువుల నీడలు కావాలంటే అదొక్కటి. బరువు బాగా తక్కువ. రెండూ కలిపి మాత్రం పెట్టకూడదు, ఏదో ఒకటే.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. కుర్రోడు లెక్కలన్నీ ఆట తెరిచిన అయిదు నిమిషాల్లో తీసినవి అయ్యుంటాయి. లాప్‌టాప్ కార్డు వేడెక్కితే తనంతట తానే క్లాక్ (వేగం) తగ్గించుకుంటుంది. మన వైపు మే నెల ఉక్కపోత తెలిసిందే, ఫ్యాను గాలి కూడా వేడిగానే కొడుతుంది, లాప్‌టాప్ ఊపిరి తీసుకునేది ఆ గాలే. అక్టోబరులో సరిపోయిన సెట్టింగు ఎండాకాలం మధ్యాహ్నం సరిపోదు. అరగంట ఆడాక చూసిన అంకెనే నమ్ము తమ్ముడూ. మధ్యలో కరెంటు పోయి బ్యాటరీ మీదకి వస్తే ఆ లెక్క కూడా చెల్లదు, అప్పుడు కార్డుకి అందే కరెంటే బాగా తగ్గిపోతుంది.

పలాస జీడిపప్పు:

కమ్యూనిటీ షేడర్స్ చూశాను అక్కా. బాగుంది, కాదనను. కానీ ఏళ్ల తరబడి ఈఎన్‌బీ కోసం దిద్దుకుంటూ వచ్చిన ప్రీసెట్లు ఉన్నాయి, వాతావరణం మాడ్‌కి తగ్గట్టు ఒక్కో రంగూ కూర్చినవి. మంచు కురిసే రాత్రి వాటిలో కనిపించినట్టు అందులో నాకు కనిపించలేదు. బరువు తక్కువని రుచి లేనిది తినమంటే ఎలా?

బొబ్బిలి వీణ:

రుచి సంగతి తినేవాడు చెప్పాలి. లాప్‌టాప్ వాడిది.

రాజాం మాస్టారు:

ఈఎన్‌బీని ఒక మొత్తంగా చూస్తున్నంతకాలం ఈ తగువు తెగదు. అందులో రంగుల దిద్దుబాటు కార్డుకి దాదాపు ఉచితం. ఖర్చంతా కొన్ని ఎఫెక్టుల దగ్గరే ఉంది. మూలల్లో నీడ దించే యాంబియంట్ అక్లూజన్ ఒకటి, దూరాన్ని మసక చేసే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ఒకటి. మొదటిదాన్ని తీసెయ్యక్కర్లేదు. క్వాలిటీ ఒక మెట్టు దించి, రిజల్యూషన్ స్కేల్ సగం చేస్తే చాలు. ఆ నీడ ఎలాగూ మెత్తగా ఉండేదే, తేడా పట్టడం కష్టం. ఆట సొంత యాంబియంట్ అక్లూజన్ ఇంకా ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే ఒకే పని రెండుసార్లు జరుగుతోంది, బొమ్మ కూడా మసిబారినట్టు కనిపిస్తుంది.

తర్వాత ఆట సెట్టింగులుండే ప్రెఫ్స్ ఫైలులో షాడో మ్యాప్ రిజల్యూషన్ (నీడ బొమ్మ సైజు). 4096 ఉంటే 2048 చెయ్యి, నీడ బొమ్మలో పిక్సెల్స్ నాలుగోవంతుకి పడతాయి. షాడో డిస్టెన్స్ (నీడలు కనిపించే దూరం) కూడా తగ్గించు. అడవిలో నిన్ను చంపుతున్నది సగం అదే, ఎందుకంటే ప్రతి చెట్టునీ ఒకసారి నీకోసం, ఇంకోసారి సూర్యుడి వైపు నుంచి నీడ కోసం గియ్యాలి.

ఇక 45 గురించి. 60 హెర్ట్జ్ తెర మీద వీసింక్‌తో (ఫ్రేముల్ని తెర లయకి కట్టేసే సెట్టింగుతో) 45 అంటే రెండు ఫ్రేములు 16.7 మిల్లీసెకన్ల చొప్పున, మూడోది 33.3, అలా కుంటుకుంటూ వస్తుంది. సగటు బాగుంటుంది, చూపు బాగోదు. దానికంటే అన్నీ 33.3 చొప్పున వచ్చే 30 నయం. ఆ మాటలో మీ బావ పక్షమే నేను. 60కి చేరగలిగితే చేరు, చేరకపోతే రివాట్యూనర్ అనే ప్రోగ్రాముతో 30 దగ్గర కట్టేయ్. మధ్యలో ఉండకు. 60 దాటించాలని కూడా చూడకు, ఈ ఆటలో ఫిజిక్స్ ఫ్రేమ్‌రేటుకి ముడిపడి ఉంది, విడిగా మాడ్ పెట్టకుండా దాటిస్తే మొదటి సీనులో బండే గాల్లోకి లేస్తుంది.

బొబ్బిలి వీణ:

30 నయం అన్నది చూసేవాడికి. ఆడేవాడికి కాదు మాస్టారూ. 33 మిల్లీసెకన్ల ఆలస్యం ప్రతి ఫ్రేముకీ ఉంటుంది, వీసింక్ దాని మీద ఇంకొంచెం కలుపుతుంది. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అయితే మొత్తం పీకెయ్యాలి. నేను విల్లు పట్టుకుని ఆడతాను. కొండ మీద బందిపోటు కనిపించాల్సిన చోట మసక కనిపిస్తే బాణం ఎవడికి వెయ్యాలి?

పలాస జీడిపప్పు:

విల్లు పట్టనివాళ్లు కూడా ఉన్నారు లోకంలో.

కంటోన్మెంట్ కుర్రోడు:

మాస్టారు చెప్పినవన్నీ చేశాను. 2కే టెక్స్చర్లు, చిన్న వస్తువులు 1కే. మెమరీ 3.2 దగ్గర ఆగింది, కుదుపు పోయింది. గుర్రం మీద గిర్రున తిరిగినా గీత నిటారుగా లేవట్లేదు. యాంబియంట్ అక్లూజన్ సగం స్కేల్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ బంద్, నీడలు 2048. నాగావళి అక్క చెప్పినట్టు అరగంట ఆడాకే చూశాను: సత్రాల్లో, గుహల్లో 60. వైట్‌రన్ బయట 57 అటూఇటూ. ఫాల్క్‌రీత్‌లో మాత్రం 47.

కాబట్టి ఈఎన్‌బీ ఉంచుతున్నాను, అడవిలో గడ్డి సాంద్రత తగ్గించి 60కి లాగుతాను. 30కి కట్టను. మిగతా చోట్ల దాదాపు 60 వచ్చే మిషన్‌ని ఒక్క అడవి కోసం సగానికి దించడం నాకు నచ్చలేదు.

రాజాం మాస్టారు:

గడ్డి తగ్గించు, మంచిదే. కానీ వాన పడేటప్పుడు, డ్రాగన్ వచ్చి నిప్పు కక్కేటప్పుడు కూడా చూసి చెప్పు. ఖాళీ అడవిలో 60 వచ్చిందంటే పోట్లాటలో వస్తుందని కాదు. నా ఓటు ఇప్పటికీ 30కే, బయట తిరిగేటప్పుడు.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

నా ఓటు కమ్యూనిటీ షేడర్స్‌కే. ఏప్రిల్‌లో మళ్లీ అడుగుతాను, అప్పుడు ఆ 57 ఎంతయిందో చెప్పు.

పలాస జీడిపప్పు:

సరే, 60 నీ ఇష్టం. ఫొటోలు తియ్యాలనుకున్నప్పుడు మాత్రం డెప్త్ ఆఫ్ ఫీల్డ్ పెట్టుకోరా. ఆటలో ఉండగానే షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ఈఎన్‌బీ మెనూ వస్తుంది, అక్కడ టిక్ పెట్టి, ఫొటో తీశాక తీసెయ్.

కంటోన్మెంట్ కుర్రోడు:

తియ్యడం మర్చిపోతే బావా? తర్వాతసారి ఆట తెరిస్తే అలాగే ఉండిపోతుందా?

పలాస జీడిపప్పు:

ఉండదు. సేవ్ కాన్ఫిగరేషన్ నొక్కితేనే ఫైలులోకి వెళ్తుంది. అది నొక్కకు.