ముప్పై దాటాక పాటల్లోకి వచ్చిన బిల్ విదర్స్, అంతకు ముందు ఏం చేసేవారు?

గిటార్‌పిచ్చి: నమస్కారం అండీ. 31 ఏళ్లకి గిటార్ మొదలుపెట్టాను. మా సార్ అమెరికన్ గాయకుడు బిల్ విదర్స్ పాట 'ఎయింట్ నో సన్‌షైన్' నేర్పిస్తున్నారు, పది రోజులుగా ఇంట్లో అదే మోగుతోంది. 1971లో మొదటి ఆల్బమ్ వచ్చేసరికి విదర్స్‌కి 32 ఏళ్లట! అంతవరకూ ఏం చేశారు, ఎవరి ప్రభావంతో అలా రాశారు? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతరికార్డు: వెస్ట్ వర్జీనియాలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు గనుల ఊళ్లో 1938లో పుట్టారు, పెరిగింది ఆ దగ్గర్లోని బెక్లీలో. 13 ఏళ్లకే తండ్రి పోయారు. దానికి తోడు నత్తి, అది చాలా ఏళ్లు వదల్లేదు. తర్వాత నేవీలో తొమ్మిదేళ్లు. 1967లో లాస్ ఏంజెలిస్ వచ్చి విమానాల భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరారు, బోయింగ్ 747 విమానాలకి టాయిలెట్లు తయారుచేసే పని. జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో డెమోలు (నమూనా పాటలు) రికార్డ్ చేసుకుని తిరిగితే, క్లారెన్స్ అవాంట్ తన రికార్డింగ్ కంపెనీ ససెక్స్ రికార్డ్స్‌లో అవకాశం ఇచ్చారు. ఆ ఆల్బమ్ అట్ట మీద చేతిలో టిఫిన్ పెట్టెతో నిలబడ్డ ఫొటో చూడండి, భోజనం విరామంలో ఆ ఫ్యాక్టరీ దగ్గరే తీసింది. పాట హిట్టవుతున్నా ఉద్యోగం వదలడానికి వెంటనే ధైర్యం చేయలేదు.

కోరస్_గొంతు: ప్రభావం అంటే అందరూ గాయకుడు లూ రాల్స్ పేరు చెబుతారు. ఆయన్ని ఒక క్లబ్బులో చూశాకే విదర్స్ తాకట్టు కొట్లో గిటార్ కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాడు, అది నిజమే. కానీ నాకు ఆ పాటల్లో ఎక్కువగా వినిపించేది వాళ్ల అమ్మమ్మ. ఆవిడ చర్చిలో చప్పట్లు కొడుతూ, టాంబరిన్ వాయిస్తూ అందరూ కలిసి పాడే పాటల మధ్య పెరిగాడు కాబట్టే ఆయన పాట ఒక్కసారి వింటే ఎవరైనా గొంతు కలపగలరు. 'గ్రాండ్మాస్ హ్యాండ్స్' పూర్తిగా ఆవిడ గురించే. 'లీన్ ఆన్ మీ' కూడా అంతే, కష్టమొస్తే ఇరుగుపొరుగు వచ్చి నిలబడే సొంతూరి అలవాటే ఆ పాటకి మూలం.

పాతరికార్డు: అవును, అది నేను రాయాల్సింది. ఇంకోటి, మీరు వాయిస్తున్న పాటలో 'ఐ నో' అని 26 సార్లు వస్తుంది కదా, అక్కడ ఇంకా సాహిత్యం రాద్దామనుకున్నాడట. నిర్మాత బుకర్ టి. జోన్స్, అక్కడున్న మిగతావాళ్లూ అలాగే వదిలేయమన్నారు. తను ఫ్యాక్టరీ పనివాడు, వాళ్లేమో ఎంతో అనుభవం ఉన్నవాళ్లు, అందుకే విన్నాడు.

గిటార్‌పిచ్చి: చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. ఆ 26 దగ్గరే లెక్క తప్పుతున్నాను. అమ్మమ్మ పాట ఎక్కడ వినమంటారు, ఆల్బమ్‌లోదేనా?

కోరస్_గొంతు: 1972లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ కచేరీలో పాడింది వినండి. పాట మొదలుపెట్టే ముందు అమ్మమ్మ గురించి తీరిగ్గా కబుర్లు చెబుతాడు, దాన్ని మాత్రం దాటేయకండి.