తరగతి గోడ మీద క్యూఆర్ కోడ్: అవసరమా, ఆర్భాటమా?

తెల్లసుద్ద

వచ్చే సంవత్సరం నుంచి మా బడిలో తరగతి గోడల మీద, ల్యాబ్ పరికరాల మీద, లైబ్రరీ అరల మీద క్యూఆర్ కోడ్‌లు అతికించాలన్న ప్రతిపాదన వచ్చింది. స్కాన్ చేస్తే వీడియో పాఠమో, అభ్యాసపత్రమో తెరుచుకుంటుంది. సిబ్బంది సమావేశంలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు తల పట్టుకున్నారు. నేను తల పట్టుకున్నవాళ్లలో ఉన్నాను. పిల్లలు ఫోను తేకూడదని గేటు దగ్గర బోర్డు పెట్టింది మేమే. లోపలికి వచ్చాక గోడలన్నీ ఫోను తియ్యమంటే ఆ బోర్డుకు విలువేముంటుంది? వాడి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే మంచిచెడ్డలు చెప్పండి.

గీతల గణితం

నేను వాడాను, వాడుతున్నాను. వెర్నియర్ కాలిపర్స్ పెట్టె మీద ఒక కోడ్ అతికించాను. స్కాన్ చేస్తే కొలత ఎలా తీసుకోవాలో చూపించే నిమిషంన్నర వీడియో వస్తుంది. మూడోసారి అర్థం కాకపోయినా చెయ్యెత్తడానికి సిగ్గుపడే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్లు దాన్ని అయిదారు సార్లు చూస్తారు. వీడియో విసుక్కోదు, నేను విసుక్కుంటాను. ఒప్పుకోవడానికి నామోషీ ఏమీ లేదు.

అసలు ఆ కోడే ఒక మంచి పాఠం. 1994లో జపాన్‌లోని ఇప్పటి డెన్సో వేవ్ సంస్థలో మసాహిరో హరా బృందం కార్ల విడిభాగాల లెక్క కోసం దాన్ని తయారుచేసింది. మూడు మూలల్లో ఉండే చదరాల మధ్యగా ఎటు నుంచి గీత గీసినా నలుపు తెలుపుల నిష్పత్తి 1:1:3:1:1 వస్తుంది. ఆ నిష్పత్తిని బట్టే కెమెరా కోడ్ ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో తెలుసుకుంటుంది. కొంత భాగం చెరిగిపోయినా చదవగలగడానికి తప్పుల్ని సరిదిద్దే 1960 నాటి రీడ్-సాలమన్ గణితం కారణం. తయారుచేసేటప్పుడు ఎంచుకున్న స్థాయిని బట్టి దాదాపు 7 శాతం నుంచి 30 శాతం వరకు నష్టాన్ని తట్టుకుంటుంది. పిల్లలకు పెన్నులిచ్చి చెరపమన్నాను. ఎంతవరకు చెరిపితే చదవడం ఆగిపోతుందో వాళ్లే కనిపెట్టారు. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

కుంపటి

బాగుంది. పాఠం వీడియో చెబుతుంది, ప్రశ్నలు కోడ్ అడుగుతుంది, మార్కులు యాప్ వేస్తుంది. మనం హాజరు పట్టీలో సంతకం పెట్టి ఇంటికి వెళ్లిపోవచ్చు. ఫ్రాన్స్ 2018లోనే బడుల్లో పిల్లలు ఫోను వాడకూడదని చట్టం చేసింది. ఇతర దేశాలూ అదే దారి పట్టాయి. మనం మాత్రం గోడలకు కళ్లు పెట్టి, వాటిని చూడటానికి పిల్లల చేతికి ఫోను ఇస్తామంటున్నాం.

గీతల గణితం

కుంపటి గారూ, నా ల్యాబ్‌లో స్కాన్ చేసేది బడి ట్యాబ్‌తో. బల్లకు గొలుసుతో కట్టి ఉంటుంది. పిల్లల ఫోనుల సంగతి నేను ఎత్తనే లేదు.

పాత అట్ట

నేను లైబ్రరీ వైపు నుంచి చెబుతాను. మాకు కోడ్‌లు కొత్త కాదు. పుస్తకం మీద యాక్సెషన్ నంబరుతో, అంటే లైబ్రరీ దానికి ఇచ్చిన సంఖ్యతో, బార్‌కోడ్ ఉంటుంది, కౌంటర్ దగ్గర ఒక్కసారి చూపిస్తే ఇష్యూ అయిపోతుంది. పాఠకుడి సమయం ఆదా చెయ్యాలన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో నాలుగోది. బార్‌కోడ్ ఆ పని చేస్తుంది, దాని మీద ఇంతవరకు ఎవరూ గొడవ పడలేదు. ఎందుకు పడలేదో ఆలోచించారా? స్కానర్ నా బల్ల మీద ఉంటుంది. చదవడానికి వచ్చిన పిల్లవాడి దగ్గర పుస్తకం తప్ప మరేమీ ఉండనక్కరలేదు.

ఇక రెండో రకం కోడ్ గురించి. ఉత్సాహం కొద్దీ అరల మీద, కొన్ని పుస్తకాల అట్టల మీద 'ఈ రచయిత గురించి తెలుసుకోండి' అంటూ నూట నలభై కోడ్‌లు అతికించాను. ఉచితంగా చేసి పెట్టే ఒక వెబ్‌సైట్‌లో తయారుచేశాను. ఏడాది తిరగకుండానే అన్నీ 'మీ గడువు ముగిసింది, డబ్బు కట్టండి' అని చూపించడం మొదలుపెట్టాయి. నూట నలభై స్టిక్కర్లూ గోటితో గీకి తీశాను. వాటితో పాటు కొన్ని అట్టల మీది బొమ్మలూ లేచివచ్చాయి.

చిరుసందేహం

కోడ్‌కి గడువేమిటి? కాగితం మీద అచ్చు వేసిన నలుపు గళ్లే కదా?

గీతల గణితం

మంచి ప్రశ్న. రెండు రకాలున్నాయి. స్టాటిక్ కోడ్‌లో అసలు చిరునామాయే ఆ గళ్లలో ఉంటుంది. దానికి గడువు లేదు, ఆ పేజీ బతికున్నంత కాలం పనిచేస్తుంది. డైనమిక్ కోడ్‌లో ఉండేది మధ్యవర్తి వెబ్‌సైట్ చిరునామా. ముందు అక్కడికి వెళితే అది అసలు పేజీకి పంపిస్తుంది. తరవాత గమ్యం మార్చుకోవచ్చు, ఎన్నిసార్లు స్కాన్ అయిందో లెక్క తెలుస్తుంది. కానీ ఆ మధ్యవర్తి దుకాణం మూసేసినా, డబ్బు కడితేనే పంపిస్తానన్నా అంతే సంగతులు. పాత అట్ట గారికి జరిగింది అదే. బడికి సొంత వెబ్‌సైట్ ఉంటే దాని చిరునామాతోనే స్టాటిక్ కోడ్ చేసుకోవాలి. లోపలి విషయం మనమే ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

రెండో బెంచీ అమ్మ

ఉపాధ్యాయుల మధ్య దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఇంట్లో ఇంటర్నెట్ ఉన్న ఫోను ఒక్కటే, అది మా వారితో పనికి వెళుతుంది. 'స్కాన్ చేసి సమాధానాలు రాయండి' అని హోంవర్క్ ఇచ్చిన రోజు మా అమ్మాయి ఆయన వచ్చేదాకా నిద్ర ఆపుకుంటుంది. పుస్తకంలో ప్రశ్నలు ఉంటే సాయంత్రమే అయిపోయేది. ఇంకొకటి. ఒకసారి స్కాన్ చేస్తే పాప పేరు, పుట్టిన తేదీ, నా ఫోను నంబరు అడిగింది. చదవడానికి పుట్టిన తేదీ ఎందుకు? ఆ వివరాలు ఎవరి దగ్గరికి వెళ్లాయో టీచర్ గారినే అడిగాను. ఆవిడకూ తెలియదు.

కుంపటి

ఇన్ని మాటల్లో అసలు మాట ఇది. అమ్మా, మీరు దూరలేదు, మేమే దారి తప్పాం.

సున్నపు గోడ

నవ్వు తెప్పించే సంగతి ఒకటి చెబుతాను, తరవాత అది ఎంతమాత్రం నవ్వుకునేది కాదని మీకే తెలుస్తుంది. నోటీసు బోర్డు మీది మా కోడ్ మీద ఏడో తరగతి కుర్రవాడు ఇంకో కోడ్ అతికించాడు. పరీక్షల తేదీల కోసం స్కాన్ చేసినవాళ్లందరికీ సినిమా పాట వినిపించింది. ప్రధానోపాధ్యాయుడికీ అదే వినిపించింది. వాడు చిలిపివాడు కాబట్టి పాటతో పోయింది. దొంగబుద్ధి ఉన్నవాడైతే పాస్‌వర్డ్ అడిగే నకిలీ పేజీ పెట్టేవాడు. గళ్లు చూసి అది ఎక్కడికి తీసుకెళుతుందో మనిషి కన్ను చెప్పలేదు. అందుకే ఇప్పుడు ప్రతి కోడ్ కింద చిరునామాను అక్షరాల్లో కూడా అచ్చు వేస్తున్నాం. తెర మీద కనిపించే చిరునామా దానితో సరిపోతేనే తెరవమని పిల్లలకు నేర్పించాం. ఫోను లేనివాళ్లు కంప్యూటర్‌లో టైపు చేసుకోవడానికీ అది పనికొస్తోంది.

పాత అట్ట

తెల్లసుద్ద గారూ, మీ సమావేశంలో 'కోడ్ కావాలా వద్దా' అని అడగకండి, 'కెమెరా ఎవరి చేతిలో' అని అడగండి. మా బడిలో ఒక టీచర్ ప్లికర్స్ కార్డులు వాడుతుంది. అవి క్యూఆర్ కోడ్‌లు కావు గాని పోలిక అదే. ఒక్కో పిల్లవాడికి ఒక్కో ఆకారం అచ్చు వేసిన కాగితం ఇస్తారు. దాని నాలుగు వైపులా నాలుగు జవాబులకు గుర్తులు. తాను అనుకున్న జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకోవాలి. టీచర్ తన ఫోనుతో తరగతి అంతా ఒకసారి తిప్పి చూస్తే ఎవరు ఏ జవాబు ఇచ్చారో నమోదవుతుంది. ఎవరి ఆకారం వారిది, గుర్తులు చిన్నవి, కాబట్టి పక్కవాడి కార్డు చూసి లాభం లేదు. ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లవాడు కూడా అక్కడ జవాబు చెబుతాడు, తప్పయినా తోటి పిల్లలకు తెలియదు. కాగితం పిల్లవాడి దగ్గర, ఫోను టీచర్ దగ్గర.

కుంపటి

దీనికి నాకు అభ్యంతరం లేదు. పిల్లల పేర్ల బదులు వరస సంఖ్యలు పెడితే.

తెల్లసుద్ద

అందరికీ కృతజ్ఞతలు. గోడల మీది కోడ్‌లకు నేను ఒప్పుకోను. ల్యాబ్‌లో గొలుసు ట్యాబ్, తరగతిలో కార్డులు, సంఖ్యలతోనే, అడిగి చూస్తాను. కోడ్ ఉన్న హోంవర్క్ ఇస్తే అదే విషయం కాగితం మీద కూడా ఇవ్వాలని పట్టుబడతాను. లైబ్రరీ అరలకు మాత్రం మా వెబ్‌సైట్ చిరునామాతో పది కోడ్‌లు ప్రయత్నిద్దామని ఉంది. పాత అట్ట గారూ, అతికించాక తియ్యాల్సి వస్తే గోరు తప్ప మార్గం లేదా?

పాత అట్ట

హెయిర్ డ్రయర్‌తో కాసేపు వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది, మూల నుంచి నెమ్మదిగా లాగండి. అర ఇనుముదైతే ఇబ్బంది లేదు. పుస్తకం అట్ట జోలికి మాత్రం వెళ్లకండి.