గ్రానైట్ స్లర్రీకి టీసీఎల్‌పీ రిపోర్టు సరిపోతుందా, చేపల మీద కూడా పరీక్షించాలా?

చీమకుర్తి కుర్రోడు:
మా పల్లపు చేలో స్లర్రీ పోయించి మెరక చేద్దామని నాన్న పట్టుదల. కోతలో వాడే సున్నం, ఇనుప రజను, పాలిషింగ్ రెసిన్, మెషిన్ ఆయిలు అన్నీ కలిసిన బురద అది. ఫ్యాక్టరీవాళ్లు చూపిన టీసీఎల్‌పీ రిపోర్టులో (వ్యర్థం నుంచి నీళ్లలోకి ఎంత విషం దిగుతుందో చూసే ల్యాబ్ పరీక్షట) సీసం, క్రోమియం లిమిట్ లోపే ఉన్నాయి. కానీ పోయిన వానాకాలం ఇలాంటి గుట్ట నీళ్లు కుంటలోకి దిగి చేపలు తేలాయి. రిపోర్టును నమ్మాలా, కుంటనా?

ఒంగోలు ల్యాబ్:
రిపోర్టు అబద్ధం కాదు తమ్ముడూ. నమూనాకి 20 రెట్లు ఎసిటిక్ ఆమ్లపు నీళ్లు పోసి, 18 గంటలు తిప్పి, వడకట్టి, దిగిన లోహాలు కొలుస్తాం. లీటరుకు సీసం 5 మిల్లీగ్రాములకు చేరితే 2016 ప్రమాదకర వ్యర్థాల రూల్స్‌లో అది ప్రమాదకర వ్యర్థం. చేపలతో చేస్తే వాటి వయసు, నీటి ఉప్పు, వేడిని బట్టి ఫలితం మారిపోతుంది.

అల్లూరు రొయ్యల రైతు:
మారితే మారనీయండి సార్. మేం చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే ముందు కొన్ని పిల్లల్ని హాపాలో, అంటే వలసంచిలో, పెట్టి రెండ్రోజులు చూస్తాం. నీళ్ల రిపోర్టు బాగున్నా పిల్లలు చస్తే వదలం. వెతకని మందు రిపోర్టులో ఎలా కనబడుద్ది? ఫ్యాక్టరీ నీళ్లకైతే 96 గంటల తర్వాత నూటికి 90 చేపలు బతకాలని రూలుంది కదా, బురదకెందుకు వద్దు?

ఒంగోలు ల్యాబ్:
రూలున్న మాట నిజమే. ఇంకోటి నేనే ఒప్పుకుంటా: ఆ ఆమ్లం ఊరి చెత్తతో కలిపి పూడిస్తే ఏమవుతుందో చూడ్డానికి పెట్టింది. మీ చేలో పడేది వాననీళ్లు. పైగా మేం వడకట్టి పారేసే రాతిపొడే చేప మొప్పల్లో పేరుకుని ఉండొచ్చు. సున్నం వల్ల పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగినా చేపలు చస్తాయి. దాన్ని విషం అనాలా?

అల్లూరు రొయ్యల రైతు:
చచ్చాక ఏమన్నా ఒకటే!

ఒంగోలు ల్యాబ్:
ఒకటి కాదండీ. వాననీళ్లలాంటి నీటిలో బురద కలిపి దాని సారం తీసి, ఒక తొట్టిలో ఉన్నదున్నట్టు, ఇంకోదాంట్లో పీహెచ్ సరిచేసి చేపలు వదలాలి. రెండోదాంట్లో బతికితే తప్పు సున్నానిది. అక్కడా చస్తే రెసిన్, ఆయిలు వెతకాలి. ముందు పీహెచ్ చూడు తమ్ముడూ. 12.5 దాటితే లోహాలు లేకపోయినా ప్రమాదకరమే.

చీమకుర్తి కుర్రోడు:
రిపోర్టు మళ్లీ చూశా సార్. పీహెచ్ గడే లేదు. రేపొచ్చే రెండు టిప్పర్లు ఆపించమని నాన్నకి ఫోన్ చేస్తున్నా.