కాంటెస్సా డ్రాగ్ కారుకు వెనుక ఫైర్‌వాల్: ఏ రేకు వాడాలి, ఎలా బిగించాలి?

మర్రిపాలెం కాంటెస్సా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పాత కాంటెస్సా ఒకదాన్ని డ్రాగ్ రేసుల (తిన్నటి దారిలో కొద్ది దూరాన్ని ఎవరు ముందు దాటుతారో తేల్చే పోటీల) కోసం సిద్ధం చేస్తున్నాను. వెనుక సీటు తీసేసి రోల్ కేజ్ (కారు పల్టీ కొట్టినా డ్రైవరును కాపాడే గొట్టాల చట్రం) బిగించాం. వెనుక చక్రాలతో నడిచే కారు కాబట్టి బరువు వెనక్కి చేరితే పట్టు పెరుగుతుందని బ్యాటరీని డిక్కీలోకి మార్చాం. పాత పెట్రోలు ట్యాంకు స్థానంలో ఫ్యూయల్ సెల్ (గుద్దుకున్నా సులువుగా పగలని రేసు కార్ల ట్యాంకు) కూడా అక్కడే పెట్టాం. ఇక డ్రైవరు కూర్చునే భాగానికీ డిక్కీకీ మధ్య ఫైర్‌వాల్, అంటే మంటను ఆపే రేకు గోడ, కట్టాల్సి ఉంది.

విశాఖ గాజువాకలో మా టింకరింగ్ మేస్త్రి 24 గేజి జీఐ (జింకు పూత ఉన్న ఉక్కు) రేకు చాలునంటున్నారు. ఒక స్నేహితుడు తేలికగా ఉంటుందని అల్యూమినియం వాడమంటున్నాడు. వెనుక అద్దం కింది పలకకు ఎప్పుడో స్పీకర్ల కోసం కోసిన రెండు పెద్ద రంధ్రాలున్నాయి, కేజ్ వెనుక గొట్టాలు రెండూ ఈ గోడను దాటుకునే డిక్కీలోకి వెళ్లాలి. రేకును వెల్డింగ్ చేయించాలా, విప్పుకునేలా బోల్టులతో బిగించాలా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఆటోనగర్ రేకుపని

ముందు మందం సంగతి తేల్చుకుందాం. డ్రాగ్ రేసింగ్‌లో చాలామంది ప్రమాణంగా తీసుకునే అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం బ్యాటరీగానీ ఫ్యూయల్ సెల్‌గానీ డిక్కీలో ఉన్నప్పుడు వెనుక ఫైర్‌వాల్ ఉక్కుదైతే కనీసం 0.024 అంగుళాలు, అల్యూమినియందైతే కనీసం 0.032 అంగుళాలు ఉండాలి. అంటే దాదాపు 0.61 మి.మీ., 0.81 మి.మీ. మన దగ్గర రేకు కొట్లలో గేజి అంటే బ్రిటిష్ కొలతే వాడుకలో ఉంది. ఆ లెక్కలో 24 గేజి 0.56 మి.మీ. మాత్రమే. అమెరికా గేజిలో 24 నంబరు ఉక్కు రేకు సరిగ్గా హద్దు మీద నిలుస్తుంది కనుక నెట్‌లో చూసి నంబరు చెప్పి కొనేవారు ఇక్కడే మోసపోతారు. గేజి నంబరు అడగకుండా మిల్లీమీటర్లలో అడగండి, కొట్లోనే మైక్రోమీటరు పెట్టి కొలవండి. ఉక్కు అయితే 0.8, అల్యూమినియం అయితే 1 మి.మీ. తీసుకోండి, 0.8 అల్యూమినియం కూడా ఆ హద్దుకు వెంట్రుకవాసి తక్కువే.

నా సలహా సీఆర్ (కోల్డ్ రోల్డ్, జింకు పూత లేని) ఉక్కు రేకు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది, పెట్రోలు మంట అంతకంటే ఎక్కువ వేడిని సులువుగా అందుకుంటుంది. అల్యూమినియంతో కలిసివచ్చే బరువు ఈ కొలత గోడకు రెండు మూడు కిలోలకు మించదు, మీకు వెనుక బరువు కావాలి కూడా. పైగా ఉప్పుగాలి తగిలే మన ఊళ్లో అల్యూమినియం రేకును ఉక్కు బాడీకి నేరుగా బిగిస్తే ఆ రెండు లోహాలూ కలిసే చోట తెల్లటి పొడి రాలుతూ అల్యూమినియం తినేసుకుపోతుంది. మధ్యలో ప్రైమరూ, సందులు మూసే సీలరూ తప్పవు. జీఐ మాత్రం వద్దు. వెల్డింగ్ వేడికి దాని జింకు పూత కాలి వచ్చే తెల్లటి పొగ పీలిస్తే మేస్త్రికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది.

స్టీల్ ప్లాంటు ఊళ్లోనే ఉందని రేకు ఇక్కడే తయారవుతుందనుకోకండి; అక్కడ చేసేది రాడ్లు, వైర్ రాడ్, యాంగిళ్ల వంటి పొడవు సరుకే. మనకు దొరికే సీఆర్ రేకు బయటి నుంచి వచ్చేదే కనుక నూనె పూత ఆరి అంచుల్లో తుప్పు మొదలైన షీటును అంటగట్టకుండా చూసుకోండి.

మందపాటి అట్టతో ముందుగా నమూనా కత్తిరించుకోండి. చుట్టూ అంచును 20 మి.మీ. మడిస్తే ఆ మడత బాడీ మీద కూర్చుని రేకు మీద రేకు ఎక్కుతుంది, మంటను నిజంగా ఆపేది అదే. పెద్ద పలకను చదునుగా వదిలేస్తే ఇంజను వేగం పెరిగేకొద్దీ డప్పులా మోగుతుంది కాబట్టి మూల నుంచి మూలకు రెండు తేలికపాటి మడత గీతలు వేయించండి. ఏసీ డక్టులు చేసే షెడ్లలో ఆ పని రోజూ జరుగుతుంది, పొడవైన మడత యంత్రమూ అక్కడే ఉంటుంది.

డాక్‌యార్డు దారి

రేకు గురించి పై మిత్రులు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. నేను ఓడల మరమ్మతు పనిలో ఉన్నవాణ్ణి కనుక రంధ్రాల గురించి చెబుతాను. ఓడలో ఒక గదికీ మరో గదికీ మధ్య ఉక్కు గోడ ఎంత మందంగా ఉన్నా దాన్ని దాటే ప్రతి కేబులుకూ గ్లాండ్ (కేబులును పట్టి చుట్టూ సందు మూసే బిగింపు) లేకపోతే ఓడను తనిఖీ చేసే సర్వేయరు సంతకం పెట్టడు. మీ కారులోనూ మిమ్మల్ని కాపాడేది ఆ క్రమశిక్షణే.

స్పీకర్ల రంధ్రాలను అతుకు రేకులతో పూర్తిగా మూసేయండి; అద్దం కింది పలక కూడా ఫైర్‌వాల్‌లో భాగమే. బ్యాటరీ కేబులుకు రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) పెట్టే అలవాటు ఉంది కానీ మంట తగిలితే అది కాలిపోయి అక్కడ వేలు పట్టేంత కంత మిగులుతుంది. ఎలక్ట్రికల్ కొట్లలో దొరికే ఇత్తడి గ్లాండ్ వాడండి. పెట్రోలు గొట్టాన్ని కారు లోపలినుంచి తేకుండా అడుగునుంచి తీసుకెళ్లండి.

కేజ్ గొట్టాలకు రేకును వెల్డ్ చేయించవద్దు, అదురుకు ఆ అతుకు దగ్గరే పలచటి రేకు చీలుతుంది. గొట్టం చుట్టూ కొద్దిగా ఖాళీ వదిలి, రెండు అర్ధచంద్రాకారపు పలకలను ఇరువైపుల నుంచీ కలిపి ఉక్కు పాప్ రివెట్లతో బిగించి సీలరు పట్టించండి. అల్యూమినియం రివెట్లు వేస్తే ఉక్కు రేకు ఎంచుకున్న ప్రయోజనమే పోతుంది.

మర్రిపాలెం కాంటెస్సా

ఇద్దరికీ కృతజ్ఞతలు. 0.8 ఉక్కు రేకే తీసుకుంటాను. సీలరు ఏది వాడాలి? గోడను విప్పుకునేలా ఉంచాలా?

ఆటోనగర్ రేకుపని

డిక్కీ తెరిస్తే ఫ్యూయల్ సెల్, బ్యాటరీ రెండూ అందుతాయి కాబట్టి విప్పాల్సిన అవసరం రాదు. నాలుగు అంగుళాలకొక చిన్న వెల్డ్ చుక్క పెట్టించి, మిగతా అంచంతా సీలరుతో నింపించండి. వరసగా వెల్డింగ్ లాగితే ఈ మందపు రేకు ముడతలు పడుతుంది. బాత్‌రూముల్లో వాడే, వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వద్దు. అది పెట్రోలుకు ఉబ్బిపోతుంది, పచ్చి ఉక్కును తుప్పు పట్టిస్తుంది. పెయింటు కొట్లలో దొరికే బాడీ సీమ్ సీలరును ప్రైమరు మీద పట్టించండి.

ఎక్కువమంది మరిచిపోయేది పక్క భాగాలను. చక్రం గూటికీ బయటి బాడీ రేకుకూ మధ్య ఉన్న బోలు ప్రదేశం డిక్కీ నుంచి సీటు పక్కదాకా నేరుగా సాగుతుంది. నడిమధ్య గోడ ఎంత బాగా కట్టినా అటూ ఇటూ ఆ సందులకు చిన్న పలకలు కోసి మూయకపోతే ఆవిరికి దారి ఉన్నట్టే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల పట్టుకుని పాకుతుంది కాబట్టి కింది అంచు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఫ్యూయల్ సెల్ వెంటు గొట్టం కారు బయటికి తెరుచుకోవాలి.

పనంతా అయ్యాక చీకటి పడ్డప్పుడు డిక్కీలో గట్టి లైటు పెట్టి మూత వేసి, డ్రైవరు సీట్లో కూర్చుని వెనక్కి చూడండి. ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుని మూయించండి. దేశంలో మోటారు క్రీడల్ని నడిపే ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనుమతి ఉన్న పోటీకి వెళ్లేటట్లయితే ఆ పోటీ నిబంధనల ప్రతి తెప్పించుకుని పెయింటు వేయకముందే సరిచూసుకోండి. ఇంకొక్క మాట: వెల్డింగ్ మొదలుపెట్టేముందు ఫ్యూయల్ సెల్‌నూ బ్యాటరీనీ దించి షెడ్డు బయట పెట్టించండి, ఖాళీ చేశామన్నా సరే.