అఫ్గానిస్తాన్‌లో ఉన్న అమ్మాయి ఆన్‌లైన్‌లో డిగ్రీ చదవాలంటే మనం ఇక్కడి నుంచి ఏం చేయగలం?

ప్రశ్న:
నేను ఉస్మానియాలో ఎమ్మెస్సీ చేసేటప్పుడు, విదేశీ విద్యార్థులకు మన ప్రభుత్వం ఇచ్చే ఐసీసీఆర్ స్కాలర్‌షిప్ మీద వచ్చిన ఒక అఫ్గాన్ అమ్మాయి నా క్లాస్‌మేట్. తను ఇప్పుడు వేరే దేశంలో ఉంది, చెల్లెలు మాత్రం అక్కడే ఉండిపోయింది. కంప్యూటర్ సైన్స్ రెండో సెమిస్టర్‌లో ఉండగా 2022 డిసెంబర్ 20న తాలిబాన్లు ఆడవాళ్లకు యూనివర్సిటీలు మూసేశారు, అప్పటి నుంచి ఇంట్లోనే ఉంటోంది. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, రాయడం అంతగా రాదు. పాత లాప్‌టాప్ ఉంది, నెట్ ఫోన్‌దే. వారానికి రెండు మూడు గంటలు, కొంత డబ్బు నేను పెట్టగలను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు:
ముందు ఒక పని చేయండి. పోస్టులో ఆ అమ్మాయి ఊరు, చదివిన యూనివర్సిటీ పేరు రాశారు, వెంటనే తీసేయండి. ఆడపిల్ల, రెండో సెమిస్టర్, ఫలానా ఊరు అంటే గుర్తుపట్టేవాళ్లు ఉంటారు.

నేను మూడేళ్లుగా కొందరు అఫ్గాన్ అమ్మాయిలకు ఇంగ్లిష్ చెప్తున్నాను కాబట్టి చూసింది చెప్తాను. యూనివర్సిటీ ఆఫ్ ద పీపుల్ అనే ఆన్‌లైన్ యూనివర్సిటీ చూడండి. 2009లో మొదలైంది, అమెరికాలో గుర్తింపు ఉంది, ట్యూషన్ ఫీజు లేదు కానీ కోర్సుకు ఇంత అని పరీక్ష ఫీజు ఉంటుంది. అఫ్గాన్ మహిళలకు ప్రత్యేకంగా స్కాలర్‌షిప్ ఇస్తున్నారు, దానికి అప్లై చేయించండి. నేను దీన్నే ముందు చెప్పడానికి కారణం, అక్కడ లైవ్ క్లాసులు ఉండవు. చదవాల్సింది ఎక్కువగా టెక్స్ట్‌లోనే ఉంటుంది, ఆ వారం లోపల రాసి పంపితే చాలు. కరెంటు ఎప్పుడుంటుందో తెలియని ఇంట్లో సరిగ్గా పది గంటలకు వీడియో క్లాసులో కూర్చోమంటే ఎవరి వల్లా కాదు. కంప్యూటర్ సైన్స్ కూడా ఉంది. మన ఐసీసీఆర్ కూడా 2023లో అఫ్గాన్ విద్యార్థులకు వెయ్యి ఆన్‌లైన్ స్కాలర్‌షిప్పులు ప్రకటించింది, ఈ ఏడాది సంగతి వాళ్ల పోర్టల్‌లో చూడండి.

అడిగినవారు:
ఊరు, యూనివర్సిటీ పేరు రెండూ తీసేశాను. నాకు ఆ ఆలోచనే రాలేదు, చాలా థాంక్స్ అండి.

ఇంకొక జవాబు:
పేరు దగ్గర జాగ్రత్త. అక్కడ చాలామందికి ఇంటిపేరు ఉండదు, గుర్తింపు కార్డు తజ్కిరాలో తన పేరు, నాన్న పేరు, తాత పేరు ఉంటాయి. ఫారంలో లాస్ట్ నేమ్ లేకపోతే ముందుకు పోనివ్వదు. ఏదో ఒకటి నిర్ణయించుకుని ప్రతిచోటా అదే స్పెల్లింగ్ రాయాలి. నేను సాయం చేసిన అమ్మాయి పేరు మార్కుల లిస్టులో ఒకలా, ఫారంలో ఒకలా ఉందని రెండు వారాలు ఆపేశారు. పుట్టిన తేదీ కూడా వాళ్ల సౌర క్యాలెండర్‌లో ఉంటుంది. 1381 అంటే 2002 మార్చి చివర నుంచి 2003 మార్చి దాకా, అందుకని నెల చూడకుండా సంవత్సరం మార్చొద్దు.

ఒక సందేహం:
తప్పుగా అనుకోకండి. ఆడవాళ్లను ఎన్‌జీవో ఉద్యోగాల్లోంచి కూడా తీసేశారు, 2024 డిసెంబర్‌లో నర్సింగ్, మంత్రసాని కోర్సులు కూడా ఆపేశారు. ఈ డిగ్రీతో ఆ అమ్మాయి అక్కడ ఏం చేస్తుంది?

మొదటి జవాబిచ్చినవారు:
నా దగ్గర చదివే ఒకమ్మాయి ఇప్పుడు ఇంట్లోంచే అనువాదం పని చేస్తోంది. ఇంకొకమ్మాయి బయటి దేశంలో మాస్టర్స్‌కి అప్లై చేస్తోంది. ఏమీ దొరకని వాళ్లూ ఉన్నారు, అబద్ధం చెప్పను. కానీ చదవనా వద్దా అని మనల్ని అడగట్లేదు కదండి ఆ అమ్మాయి, ఎలా చదవాలి అని అడుగుతోంది.

అడిగినవారు:
డబ్బు తన చేతికే పంపనా? నేను ఏం చెప్పాలి?

మొదటి జవాబిచ్చినవారు:
అక్కడి నుంచి మన కార్డుల్లా ఆన్‌లైన్‌లో కట్టడం దాదాపు కుదరదు. ఫీజు ఏమైనా ఉంటే మీరో వాళ్లక్కో నేరుగా యూనివర్సిటీకే కట్టండి.

పాఠం చెప్పకండి, పాఠాలు అక్కడే ఉంటాయి. ఆ అమ్మాయి రాసిన పేరా తీసుకుని తప్పులు ఎందుకు తప్పులో చెప్పండి. ఎక్కడి నుంచి తీసుకున్నారో రాయడం కూడా నేర్పండి, అది తెలియక కాపీ కొట్టారని సున్నా వేయించుకుని ఏడ్చినవాళ్లను చూశాను. మనకూ వాళ్లకూ టైమ్ తేడా ఒక్క గంటే. కెమెరా అడగొద్దు, రికార్డ్ చేయొద్దు, స్క్రీన్‌షాట్ తీసి 'నా స్టూడెంట్' అని ఎక్కడా పెట్టొద్దు. కొన్ని పరీక్షలకు కెమెరా ముందు కూర్చోవాలి, ఏ కోర్సులకో ముందే కనుక్కోండి, ఆ రోజు ఇంట్లో ఎవరు ఉంటారో ఆ అమ్మాయే చూసుకోవాలి.

నెట్ సంగతి. 2025 సెప్టెంబర్ 29న దేశమంతా నెట్ ఆపేశారు, దాదాపు రెండు రోజులు ఫోన్లు కూడా పనిచేయలేదు. ఆ రెండు రోజులు నాకు నిద్ర లేదు. అప్పటి నుంచి కొత్త యూనిట్ తెరవగానే అంతా డౌన్‌లోడ్ చేసుకోమంటున్నాను, అసైన్‌మెంట్ ఆఖరి రోజు దాకా ఉంచొద్దంటున్నాను.

అడిగినవారు:
ఈ రాత్రి ఎనిమిదికి, అంటే అక్కడ ఏడుకి, ఇద్దరం కలిసి ఫారం తెరుస్తున్నాం. పేరు దగ్గర డౌట్ వస్తే తజ్కిరా ఫొటో మీకు పంపనా?

మొదటి జవాబిచ్చినవారు:
వద్దండి, నాకే కాదు, ఎవరికీ పంపొద్దు, మీ ఫోన్‌లో కూడా ఉంచుకోకండి. కార్డు తన ముందు పెట్టుకుని తనే టైప్ చేయాలి. మీరు లైన్‌లో ఉండండి చాలు.