థీమ్ పార్కు టూరుకి మంచి కెమెరా తీసుకెళ్తున్నాం: నీళ్లు, ఎండ, బస్సు ప్రయాణం తట్టుకునేలా ఎలా సర్దుకోవాలి?

వైనతేయ_రేవు (అమలాపురం)

అందరికీ నమస్కారమండి. మే రెండో వారంలో పిల్లలతో కలిపి ఆరుగురం హైదరాబాద్ వెళ్తున్నాం. ఒక రోజు వండర్‌లా (రైడ్లు, నీళ్ల ఆటలు ఉండే పార్కు), మర్నాడు రామోజీ ఫిల్మ్ సిటీ. ఇక్కణ్ణుంచి రాత్రి ఏసీ స్లీపర్ బస్సు, వచ్చేటప్పుడూ అదే.

కెమెరా నికాన్ జెడ్6 టూ. లెన్సులు మూడున్నాయి: 24-120 ఎఫ్/4 జూమ్, చిన్న 50 ఎఫ్/1.8, దూరంవి తీసే పెద్ద జూమ్ 70-200 ఎఫ్/2.8. మూడూ పట్టుకెళ్లాలా? రైడ్లు ఎక్కేటప్పుడు, నీళ్లలోకి దిగేటప్పుడు కెమెరా ఎక్కడ పెట్టాలి? ఆన్‌లైన్‌లో దొరికే వాటర్‌ప్రూఫ్ కవర్లో పెట్టుకుని వేవ్ పూల్ (అలలు వచ్చే కొలను) లోకి దిగొచ్చా? ఇంకోటండి, బీరువాలో ఉంచిన 50 లెన్సు లోపల అంచున సన్నటి పోగుల్లాంటివి కనిపిస్తున్నాయి. దుమ్మా, బూజా? దాన్ని ఈ ప్రయాణానికి వాడొచ్చా?

గట్టుమీద_గౌతమి (రావులపాలెం)

ముందు బరువు లెక్క చూడండి. మీ కెమెరా బాడీ, బ్యాటరీ, కార్డుతో కలిపి 705 గ్రాములు, 24-120 లెన్సు 630 గ్రాములు. అంటే కేజీ మూడొందల పైచిలుకు. 70-200 ఒక్కటే, ట్రైపాడ్ కాలర్ తీసేసినా, 1360 గ్రాములు. పిల్లల నీళ్ల సీసాలు, తువ్వాళ్లు, టోపీలు మోస్తూ దాన్ని కూడా వేసుకుంటే మధ్యాహ్నానికి భుజం లాగేసి బ్యాగు ఎక్కడ పడితే అక్కడ దించేస్తారు. పార్కుల్లో కెమెరాలు పోయేదీ, కింద పడేదీ అలా దించినప్పుడే. 24-120 ఒక్కటే బిగించి వెళ్లండి. గుర్రాల రంగులరాట్నం పక్కన నిలబడి పిల్లల ముఖాలు తీయడానికి 120 చాలు.

ఒకటే లెన్సు అనడానికి బరువు కాక ఇంకో కారణం ఉంది. మీది మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా. అందులో లెన్సు తీయగానే సెన్సార్ (బొమ్మని పట్టే చిప్) బయటపడుతుంది. గాల్లో నీటి తుంపర, పక్కన జనం తోసుకోవడం, చేతికి సన్‌స్క్రీన్ జిడ్డు. లెన్సు మార్చడానికి ఇంతకంటే చెడ్డ చోటు ఉండదు.

రోజుని రెండు ముక్కలు చేసుకోండి. గేటు తెరిచిన దగ్గర్నుంచి మధ్యాహ్నం దాకా పొడి రైడ్లు, కెమెరా మీతోనే. మేలో ఆ తర్వాత ఎండ నడినెత్తిన ఉంటుంది, కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, ఫోటోలు ఎలాగూ బాగోవు. ఆ సమయమంతా నీళ్ల ఆటలకి ఇచ్చేసి కెమెరాని లాకర్లో పెట్టండి. నాలుగున్నర తర్వాత మళ్లీ బయటికి తీయండి. లాకర్ తీసుకునేటప్పుడు నీడలో, గోడ లోపలి వైపు ఉన్నది అడగండి. ఈ కెమెరా పని చేయాల్సిన వేడి 0 నుంచి 40 డిగ్రీల దాకా అనే కంపెనీ రాస్తుంది. ఎండ తగిలే ఇనప లాకర్, ఎండలో ఆపిన కారు ఆ గీత దాటి చాలా పైకి పోతాయి. బ్యాటరీ దెబ్బతింటుంది, లెన్సు లోపలి గ్రీజు పలచబడి అపెర్చర్ రేకుల (వెలుతురుని తగ్గించి పెంచే పలచటి రేకులు) మీదికి పాకే ప్రమాదమూ ఉంది. లాకర్లో పెట్టేముందు మెమరీ కార్డు తీసి జిప్ కవర్లో వేసి మీ దగ్గరే ఉంచుకోండి. కెమెరా మళ్లీ కొనుక్కోవచ్చు, పొద్దున తీసిన ఫోటోలు మళ్లీ దొరకవు.

రైడ్ మీదికి మాత్రం వద్దు. చొక్కాలో దోపుకున్నా, ఒళ్లో పట్టుకున్నా వద్దు. కోస్టర్ మలుపులో 3 జి, అంటే బరువు మూడింతలు అనిపించే తోపు వస్తే, మీ కేజీ మూడొందల గ్రాముల కెమెరా నాలుగు కేజీలు లాగినట్టు ఉంటుంది. చేతిలోంచి జారితే కింద నిలబడ్డవాళ్ల తల మీద పడుతుంది. ఆరుగురు ఉన్నారు కాబట్టి పెద్దవాళ్లు వంతులేసుకుని ఒకరు కింద బ్యాగు దగ్గర ఉండండి. బ్యాగు డ్యూటీలో ఉన్నవాళ్లే ఫోటోగ్రాఫర్. రైడ్ వేగాన్ని ఆపి తీయాలంటే షట్టర్ వేగం 1/1000 సెకను, నీటి చుక్కలు విడివిడిగా కనపడాలంటే 1/1600 పెట్టండి.

పట్టీ మెడలో వేలాడదీయకండి, జంధ్యంలా అడ్డంగా వేసుకోండి. ప్రభల తీర్థం జనంలో చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చెయ్యి ఎప్పుడూ కెమెరా మీదే ఉండాలి. బయల్దేరే ముందు బకిల్ చూడండి. పట్టీ కొస బకిల్‌లోంచి ఒక్కసారి దూరి బయట వేలాడుతుంటే రోజంతా నడకకి మెల్లగా జారిపోతుంది. కొసని వెనక్కి మడిచి, రెండు పొరల మధ్యనుంచి లోపలివైపుకి తీసి, కనీసం 5 సెంటీమీటర్లు మిగిలేలా బిగించాలి. కెమెరా చెవికి ఉండే త్రికోణపు రింగు నోరు విచ్చుకుందేమో గోరుతో తడిమి చూడండి. పట్టీలు తెగడం అరుదు, ఊడేది ఈ రెండు చోట్లే.

మడ_నీడ (తాళ్లరేవు)

వేవ్ పూల్ సంగతి నేను చెప్తానండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లో అంత కెమెరా పెట్టి నీళ్లలోకి దిగొద్దు. ఆ కవర్ల మీద రాసే ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతు నిలకడ నీళ్లలో 30 నిమిషాలు అని మాత్రమే. అల వచ్చి కొట్టే దెబ్బ, స్లైడ్ చివర పడే దెబ్బ ఆ పరీక్షలో ఉండవు. జిప్ అంచులో ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా చాలు, నీరు లోపలికొస్తుంది. మీ బాడీకి, 24-120కి తుంపర తట్టుకునే సీళ్లు ఉన్నాయి కానీ అవి చినుకుల కోసం, మునగడానికి కాదు.

నీళ్లలో ఫోటోలు కావాలంటే చిన్న యాక్షన్ కెమెరా అద్దెకో, అరువుకో తెచ్చుకోండి. చాలా గోప్రోలు విడి కేసు లేకుండానే 10 మీటర్లు తట్టుకుంటాయి. తలుపు మూసేటప్పుడు రబ్బరు మీద ఇసుక రేణువు లేకుండా తుడవాలి, మణికట్టుకి తాడు ఉండాలి. పార్కులో స్లైడ్ల మీదికి అదీ ఒప్పుకోకపోవచ్చు. కెమెరాల గురించి ముందు రోజే పార్కుకి ఫోన్ చేసి అడిగి ఉంచుకోండి.

పూల్ పక్కన నడవడానికి మాత్రం 10 లీటర్ల రోల్-టాప్ డ్రై బ్యాగ్ (మూతి చుట్టి మూసే, నీళ్లు చొరని సంచి) మంచిది. కెమెరాని మెత్తటి తువ్వాలులో చుట్టి లోపల పెట్టి, గాలి కొంచెం వదిలి, మూతిని కనీసం మూడు మడతలు చుట్టి క్లిప్ వేయాలి. ఒక్క మడతతో క్లిప్ వేస్తే అది మామూలు సంచే. కొన్నాక లోపల పొడి టిష్యూలు వేసి మూతి చుట్టి బకెట్ నీళ్లలో పది నిమిషాలు నొక్కి పట్టండి. టిష్యూ ఎక్కడ చెమ్మగిల్లినా దాన్ని కెమెరాకి వాడకండి.

లెన్సుకి ముందు బిగించే పలచటి గాజు, 77 మి.మీ. యూవీ ఫిల్టర్, వేసుకోండి. క్లోరిన్ నీటి చుక్క ఎండలో ఆరితే తెల్లటి మచ్చ పడుతుంది, అది ఫిల్టర్ మీద పడితే బాధ లేదు.

గట్టుమీద_గౌతమి (రావులపాలెం)

మచ్చల వరకు ఫిల్టర్ సరేనండి, ఒప్పుకుంటాను. కానీ దెబ్బ నుంచి అది కాపాడుతుందనుకోకూడదు. పలచటి గాజు ముందు పగులుతుంది, ఆ ముక్కలే లెన్సుని గీస్తాయి. రెయిలింగుకి తగిలినప్పుడు దెబ్బ తీసుకునేది హుడ్ (లెన్సు ముందు బిగించే గొట్టంలాంటి తొడుగు). అందుకని హుడ్ తిరగేసి పెట్టకుండా ముందుకే బిగించి ఉంచండి. రామోజీలో సాయంత్రం దీపాలు తీసేటప్పుడు ఫిల్టర్ తీసేయండి, లేకపోతే ప్రతి దీపానికీ దెయ్యంలా ఇంకో దీపం కనపడుతుంది.

లంక_గాలి (రాజోలు)

నాకు ఎక్కువ భయం పార్కులో కాదండి, మన ఇంట్లోనూ బస్సు దిగే చోటా. లెక్క చెప్తాను. మే నెల తెల్లవారుజామున మన వైపు 29 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకోండి. ఆ గాలి 25 డిగ్రీలకి చల్లబడితే చాలు, మంచు (చల్లటి వస్తువు మీద చేరే సన్నటి చెమ్మ) కడుతుంది. బస్సులో ఏసీకి రాత్రంతా 22 దగ్గర చల్లబడిన కెమెరాని రావులపాలెంలోనో అమలాపురంలోనో దిగగానే బయటికి తీస్తే లెన్సు తెల్లగా మసకేస్తుంది. బయట గాజు మీదిది తుడిస్తే పోతుంది, కానీ జూమ్ తిప్పితే ఆ తడి గాలి లెన్సు లోపలికి లాక్కుంటుంది. అదే హైదరాబాద్‌లో మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే మంచు కట్టడానికి 13 డిగ్రీల దాకా చల్లబడాలి. హోటల్ ఏసీ లోంచి బయటికొచ్చినా అక్కడ ఏమీ కాదు. వాన పడితే మాత్రం ఈ లెక్క మారిపోతుంది.

కాబట్టి బస్సులో ఉండగానే కెమెరాని జిప్ కవర్లో వేసి గాలి పిండేసి మూయండి, దాన్ని బ్యాగులో పెట్టండి. ఇంటికొచ్చాక 45 నిమిషాలు బ్యాగు తెరవొద్దు. మంచు కవరు మీద కడుతుంది, కెమెరా మీద కాదు.

బ్యాగు డిక్కీలో వేయకండి, బెర్తు మీద తల వైపు పెట్టుకుని పట్టీ మోచేతికి చుట్టుకోండి. నెత్తిమీది ఏసీ రంధ్రం నుంచి నీళ్లు కారే బస్సులుంటాయి, దాని కింద పెట్టొద్దు. చుట్టాలకి పట్టుకెళ్లే పూతరేకులు, కాజాలు ఈ బ్యాగులో సర్దకండి. నెయ్యి, పంచదార పొడి ఫోమ్‌లోకి దిగితే చీమలు వదలవు.

ఇక మీ 50 సంగతి. వెనక మూత తీసి, మొబైల్ టార్చ్ వెనక నుంచి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. విడివిడి చుక్కలైతే దుమ్ము, దానివల్ల నష్టం లేదు. అంచు నుంచి మధ్యకి వేళ్లలా చీలుతూ, సాలెగూడులా అల్లుకుని ఉంటే ఫంగస్, అంటే బూజు. మీరు చెప్పినదాన్ని బట్టి ఫంగస్సే అనిపిస్తోంది. అది వదిలే ఆమ్లం గాజు మీది కోటింగుని తినేస్తుంది, తర్వాత శుభ్రం చేసినా ఆ గుర్తు పోదు. అందుకని ఆలస్యం చేయకుండా విప్పి తుడిచే సర్వీసుకి ఇవ్వండి. ఎండలో పెడితే పోతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. పోదు సరికదా, మూత తీసిన లెన్సు ఎండలో భూతద్దమే, కింద గుడ్డ ఉంటే అంటుకుంటుంది.

వైనతేయ_రేవు (అమలాపురం)

చాలా వివరంగా చెప్పారండి, ధన్యవాదాలు. టార్చ్ వేసి చూశాను, వేళ్లలాగే ఉంది. 24-120 ఒక్కటే తీసుకెళ్తాను. ఇంకో రెండు సందేహాలు. పొరపాటున కెమెరా పూల్ నీళ్లలో పడితే మొదట ఏం చేయాలి? బియ్యం డబ్బాలో పెడితే తడి లాగేస్తుందంటారు, నిజమేనా? వచ్చాక బీరువాలో కాకపోతే ఎక్కడ దాచాలి?

మడ_నీడ (తాళ్లరేవు)

పడితే పని చేస్తోందా అని స్విచ్ వేసి చూడటం మొదటి తప్పు. తడి లోపల ఉండగా కరెంటు పారితే బోర్డు మీద తుప్పు నిమిషాల్లో మొదలవుతుంది. ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, వెంటనే బ్యాటరీ లాగేయండి, తర్వాత కార్డు. లెన్సుని కిందికి వంచి పట్టుకుని విప్పండి, నీళ్లు సెన్సార్ వైపు పోకుండా ఉంటాయి. జూమ్ తిప్పొద్దు, బటన్లు నొక్కొద్దు, హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు. వేడిగాలి నీటిని ఇంకా లోపలికి తోస్తుంది. పైన తుడిచి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) మధ్య పెట్టి, మర్నాటికల్లా సర్వీసు సెంటర్‌కి చేర్చండి. ఆరాక పని చేసినా ఇవ్వాల్సిందే, క్లోరిన్ లోపల మిగిలే ఉంటుంది.

బియ్యం వద్దండి. తడి లాగే శక్తి సిలికా జెల్ ముందు దానికి లెక్కలోకి రాదు, పైగా తవుడు పొడి, నూక లెన్సు బిగించే మౌంట్ సందుల్లోకీ డయల్ కిందికీ దిగుతాయి.

తుంపర మాత్రమే పడితే ఇంత అక్కర్లేదు. మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఇంకోసారి తుడిస్తే సరి. అంతర్వేది, ఓడలరేవు బీచ్‌కి తీసుకెళ్లినప్పుడు కూడా ఇంటికి రాగానే ఇదే చేయండి. ఉప్పు గాలి క్లోరిన్ కంటే చెడ్డది.

లంక_గాలి (రాజోలు)

దాచే సంగతి. మూతకి రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా, లోపల తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్, 250 గ్రాముల సిలికా జెల్. ముల్లు 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటి నిలిచిపోతే ఫంగస్‌కి అనుకూలం. నారింజ రంగు జెల్ కొనండి, తడి పీల్చాక ఆకుపచ్చగా మారుతుంది. మన తేమకి డబ్బా తరచూ తెరిస్తే అది త్వరగానే మారిపోతుంది, అప్పుడు ఓవెన్లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. వంటకి వాడే పళ్లెంలో పెట్టకండి. కెమెరాతో వచ్చిన తోలు కేసు, ఫోమ్ బ్యాగు ఈ డబ్బాలో పెట్టొద్దు, తడి పట్టి ఉంచేవి అవే. కొనగలిగితే కరెంటుతో నడుస్తూ తేమని అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ ఇంకా సుఖం.

ఇంకో రెండు మాటలు. సాయంత్రం షోలో లేజర్లుంటే కాంతి వచ్చే మూలానికి ఎదురుగా కెమెరా పెట్టకండి. కిరణం సూటిగా లెన్సులోకి వస్తే సెన్సార్ మీద చుక్కలు, గీతలు శాశ్వతంగా పడిపోతాయి. మిర్రర్‌లెస్‌కి ఇది మరీ ప్రమాదం, సెన్సార్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పక్కకి జరిగి, జనం ముఖాల మీద పడే రంగులు తీయండి, అవే బాగుంటాయి. డీట్ (దోమల్ని తరిమే రసాయనం) ఉన్న దోమల క్రీము రాసుకున్న చేత్తో కెమెరా పట్టుకోవద్దు, రబ్బరు గ్రిప్, ప్లాస్టిక్ మెత్తబడి జిగురెక్కుతాయి.

మీ బాడీకి రెండు కార్డు స్లాట్లున్నాయి. రెండోదాన్ని బ్యాకప్‌కి పెట్టి, రాత్రి హోటల్లో ఒక కార్డు మీ దగ్గర, రెండోది ఇంకొకరి బ్యాగులో ఉంచండి. ఎప్పుడైనా మధురపూడి నుంచి విమానంలో వెళ్తే విడి బ్యాటరీలు చేతి బ్యాగులోనే ఉండాలి, చెకిన్ సామాన్లో ఒప్పుకోరు. బిల్లు, సీరియల్ నంబరు ఫోటో తీసి మెయిల్‌లో పెట్టుకోండి, పోతే పోలీసు ఫిర్యాదుకీ ఇన్సూరెన్సుకీ మొదట అడిగేది అదే. ఆ 50ని మాత్రం సర్వీసు నుంచి వచ్చేదాకా మిగతా లెన్సులతో ఒకే డబ్బాలో పెట్టకండి.